హీటర్ కారుతోంది: బాగుచేయాలా, బైపాస్ చేయాలా?

పాత కారు కొన్నవాళ్లకు బ్రేకుల గురించి, కార్బొరేటర్ గురించి సలహా ఇచ్చేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. హీటర్ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. అది చెడినా బండి ఆగదు, స్టార్టింగ్ ట్రబుల్ ఇవ్వదు. కాళ్ల దగ్గర కాస్త తడి, అద్దం మీద కాస్త మసక, అంతే. ‘తర్వాత చూద్దాంలే’ అనుకుంటాం. కానీ ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లే హీటర్‌లోకీ పోతాయి. అక్కడ చుక్కచుక్కగా తరిగిపోయే నీళ్లు ఇంజిన్‌వి. తివాచీ తడిసిందని మొదలైన కథ సిలిండర్ హెడ్ వంకరపోవడం దాకా వెళ్లగలదు.

ఈ అధ్యాయం హీటర్ మరమ్మతు గురించే. దాంతోపాటు, చెడినదాన్ని వెంటనే బాగుచేయలేనప్పుడు ఏం చేయాలో కూడా చెబుతుంది. హీటర్‌ని బైపాస్ చేయడం, అంటే నీళ్లు దాన్లోకి పోకుండా పక్కదారి పట్టించడం, చేతగానితనమేమీ కాదు. తేదీ వేసి, కాగితం మీద రాసి, సరైన సామానుతో చేసిన బైపాస్ గౌరవమైన పని. ఎవరికీ చెప్పకుండా చేసి మరిచిపోయిన బైపాస్ మాత్రం, ఆ బండి తర్వాత ఎవరి చేతికి వెళ్తే వాళ్ల నెత్తిన పెట్టిన బాకీ.

ఉదాహరణకు ఎంజీబీని తీసుకుందాం. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో తయారైన బండి ఇది. ఐదు లక్షలకు పైగా అమ్ముడైంది కాబట్టి బ్రిటన్‌లో, అమెరికాలో సరదాకి పాత కారు ఉంచుకునేవాళ్ల దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడ స్థిరపడి, శని ఆదివారాలు స్పానర్ పట్టుకునే తెలుగువాళ్లకు ఇది తగిలే అవకాశం ఎక్కువ. మనకు మరీ పరాయిది కూడా కాదు. దీని 1798 సీసీ ఇంజిన్, మన అంబాసిడర్‌లో దశాబ్దాలు నడిచిన 1489 సీసీ ఇంజిన్, రెండూ ఒకే బీఎంసీ బి-సిరీస్ కుటుంబానివి. అంబాసిడర్ హెడ్ దించి ఎక్కించిన మెకానిక్ ఎవరైనా ఎంజీబీ బానెట్ ఎత్తితే చుట్టాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతాడు. తెలియనిదల్లా హీటరే. కోస్తాలో, తెలంగాణ మైదానాల్లో దాని అవసరం ఎప్పుడు పడింది గనక!

నీళ్లు ఏ దారిన వెళ్తాయి

ముందు దారి తెలుసుకోండి. ఎంజీబీలో సిలిండర్ హెడ్ వెనక భాగంలో ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. డ్యాష్‌బోర్డ్ మీద నాబ్ తిప్పితే కేబుల్ దాన్ని తెరుస్తుంది. ఇంజిన్‌లో కాగిన నీళ్లు ఆ వాల్వ్ గుండా, అర అంగుళం హోస్ గుండా హీటర్ పెట్టెలోకి వెళ్తాయి. పెట్టె లోపల చిన్న రేడియేటర్ లాంటిది ఒకటి ఉంటుంది. అదే హీటర్ కోర్. బయటి గాలి దాని సందుల్లోంచి వెచ్చబడి క్యాబిన్‌లోకి, అద్దం మీదికి వస్తుంది. వేడి ఇచ్చేసిన నీళ్లు ఇంకో హోస్ గుండా, ఇంజిన్ పక్కగా ముందుకు నడిచే లోహపు గొట్టంలోంచి తిరిగి వాటర్ పంప్ వైపు చేరతాయి.

ఈ దారిలో కారడానికి వీలున్న చోట్లు చాలా ఉన్నాయి: వాల్వ్ లోపలి రబ్బరు పొర, వాల్వ్ కింద ప్యాకింగ్, రెండు హోస్‌లు, వాటి క్లిప్పులు, తిరుగు గొట్టం, చివరికి కోర్. ఖర్చూ కష్టమూ ఎక్కువ ఉన్నది ఆఖరిదానికే. విచిత్రంగా అందరూ ముందు అనుమానించేదీ దాన్నే.

ఒక మినహాయింపు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి గాలితో చల్లబడే ఇంజిన్లకు ఈ అధ్యాయం వర్తించదు. వాటి హీటర్‌లో నీళ్లు ఉండవు. సైలెన్సర్‌కి వెళ్లే వేడి గొట్టాల చుట్టూ తిరిగిన గాలే క్యాబిన్‌లోకి వస్తుంది. అక్కడ చిల్లు పడితే వచ్చేది తడి కాదు, కార్బన్ మోనాక్సైడ్. ఆ హీటర్‌ని ఆ క్షణమే కట్టేసి, అద్దాలు దించి, మెకానిక్‌కి చూపించాల్సిందే.

కారేది ఎక్కడ?

కాళ్ల దగ్గర తడి ఉందంటే హీటర్ కారుతోందని తీర్మానించుకోకండి. ఎంజీబీలో ముందు అద్దం కింద గాలి లోపలికొచ్చే జాలీ ఉంది. వాననీళ్లు అందులోంచి దిగి ఒక రబ్బరు గొట్టం ద్వారా కిందికి పోవాలి. ఆకులు, మట్టి చేరి ఆ గొట్టం పూడుకుపోతే నీళ్లు క్యాబిన్‌లోకి వస్తాయి. వానకి, కూలెంట్‌కి తేడా చేత్తోనే తెలుస్తుంది. తెల్ల టిష్యూ కాగితంతో తడిని అద్దండి. వాననీళ్లయితే కాగితం మురికిగా మాత్రమే అవుతుంది. కూలెంటయితే నీలమో ఆకుపచ్చో లేత రంగు అంటుతుంది, వేళ్ల మధ్య జారుగా ఉంటుంది, తియ్యటి వాసన వస్తుంది. నాలుకకి మాత్రం తగలనివ్వకండి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. రుచి తియ్యగా ఉంటుంది కనుక కుక్కలు నాకుతాయి, పిల్లలు మోసపోతారు. ఒంపిన కూలెంట్‌ని మూత ఉన్న డబ్బాలో పోసి పైన పేరు రాసి పెట్టండి. కాలువలో పారబోయకండి.

కోర్ కారుతోందనడానికి నమ్మకమైన గుర్తు ముందు అద్దం. హీటర్ వేయగానే లోపలి వైపు జిడ్డు ఆవిరి పట్టి, గుడ్డతో తుడిస్తే పోకుండా ఇంకా అలుక్కుంటే, గ్లైకాల్ ఆవిరి అక్కడికి చేరుతున్నట్టే.

తర్వాత బానెట్ ఎత్తండి. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తర్వాతే రేడియేటర్ మూత ముట్టుకోవాలి. 13 పీఎస్ఐ మూత ఉన్న బండిలో ఒత్తిడి వల్ల మామూలు నీళ్లు కూడా సుమారు 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి ముఖాన కొడతాయి. చల్లారాక, రేడియేటర్ మూతికి ప్రెషర్ టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకానే పంపు కొట్టండి. అది దాటితే ముసలి కోర్‌ని మీరే పగలగొట్టినవాళ్లవుతారు. ముల్లు నిలబడితే ఒక సంగతి. దిగిపోతుంటే టార్చి పట్టుకుని పై నుంచి కిందికి చూసుకుంటూ రండి. నీళ్లు ఎప్పుడూ కిందికే జారతాయి కనుక తడి ఆగినచోటు కాదు, మొదలైనచోటు కావాలి. వాల్వ్ చుట్టూ ఎండిన తెల్లటి మరక, క్లిప్పు పక్కన ఆకుపచ్చ చిలుము, హోస్ చివర ఉబ్బు, ఇవి చాలాసార్లు అసలు దొంగని పట్టిస్తాయి. వాల్వో, హోసో అని తేలితే మీ అదృష్టం. కొత్తది వేసుకుంటే ఒక పూటలో పని అయిపోతుంది. వాల్వ్ మార్చినప్పుడు దాని కింద ప్యాకింగ్ కూడా కొత్తది వేయండి.

తీసుకోవాల్సిన నిర్ణయం

కోరే కారుతోందని తేలింది. ఇప్పుడు మీకు మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, ఈ బండి రాబోయే నెలల్లో ఎప్పుడు రోడ్డెక్కుతుంది? వేసవి ఆదివారాల్లో మాత్రమే తిరిగే ఓపెన్‌టాప్ కారుకి హీటర్ తొందరలేదు. డిసెంబర్‌లో బర్మింగ్‌హామ్‌లోనో న్యూజెర్సీలోనో ఆఫీసుకి వెళ్లే బండికి అది వైపర్లంత ముఖ్యం.

రెండోది, పని మధ్యలో బండి వారాల తరబడి విప్పేసి ఉంటే మీకు ఇబ్బందా? ఎంజీబీలో కోర్ తీయాలంటే హీటర్ పెట్టె మొత్తాన్ని ఇంజిన్ వైపు నుంచి పైకి లేపాలి. ఆ బండితో పరిచయం ఉన్నవాళ్లంతా విసుక్కునే పని ఇది.

మూడోది, దొరికే కొత్త కోర్ మీ పాతదాని కన్నా మంచిదేనా? పాతది ఇత్తడి, రాగి అయితే మాటు వేయించి ఇంకా చాలా ఏళ్లు వాడుకోవచ్చు.

ఈ మూడింటికీ జవాబు రాశాక నిర్ణయం దానంతటదే తేలుతుంది. ఇప్పుడే విప్పడం కుదరదంటే బైపాస్ చేయండి. కానీ ఆ కాగితం మీదే ‘ఎప్పటివరకు’ అన్న మాట పక్కన ఒక తేదీ వేయండి.

బైపాస్ ఎలా చేయాలి

సామాను కొంచెమే. హీటర్ హోస్ అని అమ్మే, లోపల నూలు అల్లిక ఉన్న రబ్బరు గొట్టం, నాలుగు స్క్రూ క్లిప్పులు, ఇత్తడి జాయింటు ఒకటి. తోటకి నీళ్లు పెట్టే గొట్టం, పెట్రోల్ పైపు, ప్లాస్టిక్ జాయింటు పనికిరావు. వేడికి మెత్తబడి దారిలో వదిలేస్తాయి. కొలత ముందే చూసుకోండి. కొన్ని అమెరికన్ కార్లలో ఒక హోస్ 5/8 అంగుళం, రెండోది 3/4 అంగుళం ఉంటుంది. వాటికి ఒకవైపు సన్నం, ఒకవైపు లావు ఉన్న జాయింటు కావాలి.

ఇంజిన్ చల్లారాక రేడియేటర్‌లోంచి కొంత కూలెంట్‌ని శుభ్రమైన పళ్లెంలోకి ఒంపండి. హీటర్‌కి వెళ్లే హోస్, వచ్చే హోస్ రెంటినీ పెట్టె దగ్గర విప్పండి.

ఇక్కడ తొందరపడే చేతులే కోర్‌ని చంపుతాయి. ఏళ్ల తరబడి వేడికి కాగిన రబ్బరు లోహానికి అతుక్కుపోయి ఉంటుంది. పట్టకారుతో పట్టి మెలితిప్పితే హోస్ రాదు, కోర్‌కి అతికించిన రాగి మూతి కదులుతుంది. మాటు ఊడి, అప్పటిదాకా వెంట్రుకవాసి ఉన్న చిల్లు వేలు పట్టేంత అవుతుంది. క్లిప్పు వదులు చేసి వెనక్కి జరపండి. హోస్ చివర అంగుళం మేర, పొడవునా, పదునైన బ్లేడుతో గాటు పెట్టండి. లోహం తగలగానే ఆగండి. ఆ గాటులో చిన్న స్క్రూడ్రైవర్ మొన దూర్చి రబ్బరుని అరటితొక్కలా వలవండి. హోస్ పోతుంది, కోర్ మిగులుతుంది. హోస్ ఎటూ కొత్తది వేయాల్సిందే.

ఇప్పుడు ఇంజిన్ నుంచి వచ్చే మూతిని, తిరిగి వెళ్లే గొట్టం మూతిని ఒకే హోస్ ముక్కతోనో, జాయింటుతో కలిపిన రెండు ముక్కలతోనో కలపండి. వంపు నలగకుండా విశాలంగా ఉండాలి. సైలెన్సర్ మానిఫోల్డ్‌కి, యాక్సిలరేటర్ లింకేజీకి తగలకుండా రెండుచోట్ల కట్టండి.

రెండు మూతులకీ బిరడా కొట్టేస్తే సరిపోదా అని అడుగుతారు. కొన్ని ఇంజిన్లలో సరిపోతుంది, కొన్నింటిలో కొంప మునుగుతుంది. థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపూ నీళ్లు తిరగడానికి హీటర్ దారే ఆధారంగా పెట్టిన ఇంజిన్లు ఉన్నాయి. ఆ దారి మూస్తే హెడ్‌లో ఒకచోట నీళ్లు కాగి ఆవిరవుతాయి, గేజి మాత్రం చల్లగానే చూపిస్తుంది. మీ బండి మాన్యువల్ మూయొచ్చని స్పష్టంగా చెబితే తప్ప హోస్‌తో కలపడమే క్షేమం.

తర్వాత కోర్‌లో మిగిలిన నీళ్లు తీసేయాలి. ఒక మూతిలో మెల్లగా గాలి ఊది, రెండోదాని కింద డబ్బా పట్టండి. మంచినీళ్లు పోసి ఇంకోసారి ఊదండి. తర్వాత రెండు మూతులకీ రబ్బరు టోపీలు తొడగండి. లోపల నీళ్లు నిలిస్తే చలికాలంలో గడ్డకడతాయి. గడ్డకట్టిన నీరు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బి, బాగుచేయదగ్గ కోర్‌ని పనికిరాకుండా చేస్తుంది.

చివరికి కూలెంట్ నింపి, మూత తీసి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. హోస్‌లను చేత్తో పిసుకుతూ ఉంటే బుడగలు పైకి వస్తాయి. థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ వేడెక్కాక మట్టం సరిచూసి మూత పెట్టండి. ఒక రౌండు తిరిగొచ్చి, పూర్తిగా చల్లారాక మళ్లీ మట్టం చూడండి. సగం నీళ్లు, సగం గ్లైకాల్ కలిపిన మిశ్రమం మైనస్ 35 డిగ్రీల దాకా గడ్డకట్టదు. రంగుని బట్టి కూలెంట్ కొనకండి, రంగుకి నియమం లేదు. డబ్బా వెనక చదివి, పాత ఇత్తడి, రాగి వ్యవస్థలకు పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి.

కోర్ బాగుచేయించడం

తేదీ వచ్చింది, తీరిక చిక్కింది. ముందు బ్యాటరీ కనెక్షన్ తీయండి. ఎంజీబీలో 1974 దాకా బ్యాటరీ అంటే సీట్ల వెనక దాగిన రెండు 6 వోల్టుల పెట్టెలు. విప్పేముందు ప్రతి కేబుల్‌నీ, తీగనీ ఫోన్‌తో ఫొటో తీయండి. పెట్టె అంచు చుట్టూ స్క్రూలు విప్పి, క్యాబిన్ లోపలి నుంచి కేబుళ్లు, గాలి గొట్టాలు వదిలించాక పెట్టె నిట్టనిలువుగా పైకి వస్తుంది. మొరాయిస్తే గుంజకండి. ఎక్కడో ఇంకో స్క్రూ మిగిలి ఉంటుంది, లేదా కింది రబ్బరు అతుక్కుని ఉంటుంది.

కోర్ చేతికొచ్చాక ఒక మూతికి బిరడా పెట్టి, రెండోదాంట్లో సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొడుతూ నీళ్ల తొట్టిలో ముంచండి. బుడగ పుట్టినచోట మార్కర్‌తో చుక్క పెట్టండి. చివరి ట్యాంకు అతుకులోనో, మూతి మొదట్లోనో అయితే రేడియేటర్ షాపులో మాటు వేస్తారు, అది నిలుస్తుంది. మధ్య గొట్టాల్లో ఒకటి కారితే ఆ గొట్టం ఒక్కటే మూయించవచ్చు, వేడి కాస్త తగ్గుతుంది. రెండుమూడు చోట్ల నుంచి బుడగలొస్తే ఆ లోహం అయిపోయిందని అర్థం. పాత ట్యాంకులు ఉంచి లోపలి వల కొత్తది వేయించుకోవచ్చు, కుదరకపోతే కొత్త కోర్ కొనాలి. తర్వాతి కాలపు అల్యూమినియం కోర్‌లకు, ప్లాస్టిక్ ట్యాంకులకు ఈ మాటు పనిచేయదు. వాటిని మార్చాల్సిందే.

పెట్టె విప్పి ఉండగానే మూడు పనులు చేసేయండి. పొడిపొడిగా రాలే పాత స్పాంజి అంచులకు కొత్తవి అతికించండి, తుప్పు గీకి రంగు వేయండి, ఫ్యాన్ మోటారు తిరుగుతుందో లేదో బ్యాటరీకి తగిలించి చూడండి. పెట్టె మళ్లీ తీయాలని మీకెలాగూ అనిపించదు.

పసుపు సంగతి

రేడియేటర్ కారితే పసుపు పోయడం మన డ్రైవర్లకు తెలిసిన చిట్కా. విదేశాల్లో ఇదే పనికి మిరియాల పొడి, ఆవపిండి, పచ్చి గుడ్డు వేసినవాళ్లున్నారు. షాపుల్లో సీసాల్లో అమ్మే లీక్ మందులూ ఆ కోవకి చెందినవే. ఘాట్‌రోడ్డు మీద రాత్రిపూట ఇరుక్కుంటే ఏది దొరికితే అది పోసి ఊరు చేరండి, తప్పులేదు. అయితే ఆ పొడికి చిల్లేదో సన్నటి గొట్టమేదో తెలియదు. నీళ్లు నిదానంగా పారే చోటల్లా పేరుకుంటుంది, అలాంటి చోట్లలో హీటర్ కోరే మొదటిది. అలా ఊరు చేరితే, ఆ వారంలోనే మొత్తం ఒంపి, మంచినీళ్లతో కడగండి.

హీటర్ లేని రోజుల్లో

బైపాస్ చేసిన బండికి రెండు లోట్లు ఉంటాయి. ఒకటి, ఇంజిన్ వేడెక్కినప్పుడు హీటర్ పూర్తిగా తెరిచి వేడిని బయటికి తోడే పాత ఉపాయం ఇక పనిచేయదు. గేజి మీద కన్ను కాస్త ఎక్కువ పెట్టాలి.

రెండోది పెద్దది: అద్దం మసకబారితే పోగొట్టే వేడిగాలి లేదు. సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలించే చిన్న హీటర్లను నమ్ముకోకండి. 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు లాగినా వచ్చేది 180 వాట్లే, గది హీటర్‌లో దాదాపు పదో వంతు. పైగా 1967కి ముందు ఎంజీబీల్లో ఉన్న డైనమో ఇచ్చేదే 22 ఆంపియర్లు. అందులో 15 దీనికే పోతే లైట్లు, వైపర్లు ఏం తింటాయి? అద్దం లోపలి జిడ్డుని డిటర్జెంట్ నీళ్లతో పూర్తిగా కడగండి, తడిసిన తివాచీ బయటికి తీసి నీళ్లతో ఉతికి ఎండబెట్టండి. గ్లైకాల్ దానంతటది ఆరదు, తివాచీ కింద రేకుని తినేస్తుంది. కిటికీ కొంచెం దించి ఉంచండి. ఇంత చేసినా అద్దంలోంచి కనపడని రోజున బండి తీయకండి.

ఈ వారం చేయవలసినవి

1. టిష్యూ కాగితం పరీక్ష, ప్రెషర్ పరీక్ష చేసి, కారుతున్న చోటు పేరు ఒక్క వాక్యంలో రాయండి. ‘హీటర్ దగ్గర ఎక్కడో’ అని రాయాల్సి వస్తే ఇంకా వెతకాలన్నమాట.

2. మూడు ప్రశ్నలకు జవాబు రాసి, బాగుచేయడమా, బైపాసా తేల్చండి.

3. బైపాస్ అయితే బానెట్ లోపలి వైపు చెరగని సిరాతో రాసిన ఒక చీటీ అతికించండి. హీటర్ బైపాస్ చేసిన తేదీ, వాడిన హోస్ కొలత, కోర్ ఖాళీ చేసిన సంగతి, మళ్లీ కలపాల్సిన గడువు, ఈ నాలుగూ అందులో ఉండాలి. సర్వీసు పుస్తకంలోనూ అదే రాయండి.

4. గడువు తేదీకి రెండు వారాల ముందు రేడియేటర్ షాపుకి ఫోన్ చేసి సమయం మాట్లాడుకోండి. గడువు దాటితే పాత తేదీ కొట్టేసి కొత్తది వేయండి. కొట్టేసిన తేదీలు మూడు అయ్యాయంటే ఆ హీటర్ మీకు అవసరం లేదని ఒప్పుకోండి. ‘హీటర్ లేదు’ అని పెద్ద అక్షరాలతో చీటీ మార్చి, కోర్‌ని గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టండి. బండి అమ్మేరోజున కొనేవాళ్లకు ఆ చీటీ చూపించి, కోర్ చేతిలో పెట్టి, ధర ఆ తర్వాతే మాట్లాడండి.